నడుముకు కట్టిన పసుపుకొమ్ము

నా చిన్నప్పుడు, బంగారుపాళ్యం దగ్గర మా ఊళ్ళో, పక్కింటి అక్క మొగుడు ఉన్నాడో పోయాడో ఎవరికీ తెలిసేది కాదు. తాపీ పనికని కువైటు వెళ్ళిన మనిషి. మొదటి ఏడు రెండు ఉత్తరాలు రాశాడు, ఆ తర్వాత మూడేళ్ళు ఉలుకూ పలుకూ లేదు. అక్కకు మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో రెండు నెలలు పని దొరికేది. మిగతా పది నెలలూ ఆమె, ఐదేళ్ళ పాప ఎలా తిన్నారో మా అవ్వకే తెలుసు.

భర్త పోయిన ఆడవాళ్ళకు సర్కారు పింఛను ఇస్తోందని తెలిసి, జాబితాలో అక్క పేరు రాయించింది కూడా మా అవ్వే. విచారణకు ఆఫీసరు వచ్చే రోజు పొద్దున అక్క బొట్టు తుడుచుకుని, తాళి తీసి అవ్వ చేతిలో పెట్టి ఏడ్చింది. తాళి తీయాల్సి వస్తే దాని బదులు మెడలో పసుపుకొమ్ము కట్టుకోవడం మా వైపు ఆనవాయితీ. కానీ మెడలో ఉంటే ఆఫీసరు చూస్తాడు కదా! మా అవ్వ గడుసుది. పసుపుకొమ్మును దారానికి కట్టి, అక్క నడుముకు, చీర లోపల ముడివేసింది.

"మెడ సూసేది సర్కారు, నడుము సూసేది దేవుడు. నువ్వు ఊరకుండు" అంది.

ఆఫీసరు మా అరుగు మీద కూర్చుని, భర్త పోయి ఎన్నాళ్ళయిందని అక్కను అడిగాడు. ఆమె తల వంచుకుని, నడుము దగ్గర చీర సర్దుకుంది. ఆయన నా వైపు తిరిగి అదే మాట ముద్దుగా అడిగాడు. నిజమే చెప్పాలని బళ్ళో నేర్చుకున్న పిల్లను.

"సచ్చిపోలేదు సార్, కువైట్లో ఉండాడు. అక్క నడుముకు పసుపుకొమ్ము గూడా కట్టుకోనుండాది" అన్నాను.

ఆఫీసరు జాబితాలో అక్క పేరు కొట్టేసి వెళ్ళిపోయాడు. అవ్వ నన్ను తిట్టలేదు, అక్కా తిట్టలేదు. రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేది.

ఆరు నెలలకు అక్కే ఇంటిపనికి కువైటు పోతానంది. మొగుడు ఒప్పుకున్నట్టు సంతకం కావాలని ఏజెంటు ఒక కాగితం తెచ్చాడు.

"ఆ కాగితానికి సచ్చిపోవాల, ఈ కాగితానికి బతికి రావాల. ఆయప్ప ఏం జేస్తాడు పాపం!" అని అవ్వ నవ్వింది.

అక్క నవ్వలేదు. పాత ఉత్తరం ముందు పెట్టుకుని, అందులోని సంతకాన్ని చూసి చూసి ఏజెంటు కాగితం మీద దించింది. తర్వాత పాస్‌పోర్టు విచారణకు వచ్చిన పోలీసాయన, అక్క మొగుడు ఊరికి వచ్చాడా అని నన్నే అడిగాడు. ఈసారి అక్క ముఖం చూశాను.

"వచ్చినాడు సార్. సంతకం పెట్టి మళ్ళా పోయినాడు" అన్నాను.

అవ్వ నా చేతిలో బెల్లంముక్క పెట్టింది. తినాలో పారేయాలో తెలియక గుప్పిట్లోనే పట్టుకుంటే, కరిగి చేయంతా జిగటైంది.

అక్క వెళ్ళిపోయింది. పాప మా ఇంట్లోనే పెరిగింది, అమ్మ ఎప్పుడొస్తుందని నన్నే అడిగేది. నేను నిజం చెప్పకపోతే ఆ తల్లి బిడ్డను వదిలి పోయేది కాదు. అబద్ధం చెప్పకపోతే పోలేకపోయేది. ఆమె పంపిన డబ్బుతోనే పాప చదువుకుంది, అదీ నిజమే. నేను ఏ రోజు తప్పు చేశానో అరవై దగ్గరపడినా తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పటికీ ఏ కాగితంలోనైనా 'భర్త పేరు' అన్న చోటికి వస్తే నా చేయి ఆగిపోతుంది. మా ఆయన పక్క గదిలోనే పేపరు చదువుకుంటూ ఉంటాడు. అయినా లేచి వెళ్ళి, ఒకసారి తొంగిచూసి వచ్చాకే రాస్తాను.