పాలు తాగి ఎంతసేపైంది?

ఈ ఉదయం మదనపల్లెలోని మా ల్యాబుకు ఒక పసిబిడ్డను తెచ్చారు. పొత్తిగుడ్డల నుంచి సాంబ్రాణి వాసన గుప్పుమంది. దాంతో మునెమ్మక్క గుర్తుకొచ్చింది, ఆమెతో పాటు నా పాత కడుపుమంటా లేచింది. ఆమె మా ల్యాబులో సీనియర్ టెక్నీషియన్. రిటైరయ్యాక సొంతూరు కుప్పం వెళ్లిపోయింది. ఆమె చదివింది డిప్లొమా. నాది ఎమ్మెస్సీ, అదీ ఫస్టు క్లాసు. అయినా డాక్టర్లు ఫోను చేస్తే, నా గొంతు విని "మునెమ్మ లేదా?" అనేవారు. ఒళ్లు మండిపోయేది.

కరోనా కాలంలో కొన్న పీసీఆర్ యంత్రం మీద తర్వాత పసిబిడ్డల పరీక్షలు మొదలుపెట్టాం. సీఎంవీ అనే వైరస్ ఒకటుంది. తల్లికి కాస్త జ్వరంలా వచ్చిపోతుంది. కడుపులోని బిడ్డకు మాత్రం మెదడులోనో చెవిలోనో చేరి కూర్చుంటుంది. పుట్టిన మూడు వారాల్లోపే పరీక్ష చేయాలి. గడువు దాటితే అది కడుపులో సోకిందో, పుట్టాక సోకిందో తేల్చడం మహా కష్టం. ఆ యంత్రం మీద ట్రైనింగుకు వెళ్లింది నేను. మునెమ్మక్క నా పక్కన నిలబడి నేర్చుకుంది. ఇదొక్కటైనా నాకు మిగిలిందిరా దేవుడా అని సంబరపడ్డాను.

అప్పుడే పుంగనూరు నుంచి ఒక మగబిడ్డ వచ్చాడు. వినికిడి పరీక్షలో రెండు చెవులూ పలకలేదు. పుట్టి పద్దెనిమిది రోజులు. బుగ్గలోపల పుల్ల తిప్పి ఉమ్మి నేనే తీశాను. మర్నాడు పాజిటివ్ వచ్చింది. రిపోర్టు మీద దర్జాగా సంతకం పెట్టబోతుంటే మునెమ్మక్క వచ్చి నిలబడింది.

"పాపా, బిడ్డ పాలు తాగి ఎంతసేపైనాక తీసినావు?"

పెన్ను కింద పెట్టాను. బిడ్డ ఏడుస్తుంటే తల్లి బెంచీ మీదే పాలిచ్చి, మూతి తుడిచి నా చేతికిచ్చింది. తల్లిపాలలోనూ ఆ వైరస్ ఉండొచ్చు, గంటసేపైనా ఆగాలని ట్రైనింగులో చెప్పారు. నా నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా.

"ఉచ్చ పట్టి సూద్దాంలే, దాంట్లో పాలు కలవవు గదా. ఇంగా రెండు దినాలుండాయి" అంది.

ఫోను చేస్తే బిడ్డ అమ్మమ్మ ఎత్తింది. "పురిటిబిడ్డను ఊర్లెంబడి తిప్పేది లేదమ్మా. ఒగసారి తెచ్చినాం, సాలు. మూడో నెల దాకా గడప దాటేది లేదు" అని పెట్టేసింది. వాళ్ల ఖర్మ అన్నాను నేను. మునెమ్మక్క నన్ను వెంటబెట్టుకుని పుంగనూరు బస్సెక్కింది.

వాళ్లింటి గుమ్మంలో మునెమ్మక్క వాదించలేదు. కాళ్లు కడుక్కుని, "మీరు రావద్దులేమ్మా, నేనే వచ్చినా గదా. సాంబ్రాణి ఎయ్యి, పొగలో నిలబడి లోపలికొస్తా" అంది. ముసలామె మొహం విచ్చుకుంది. ఉచ్చ పట్టడానికి నేను తీసుకెళ్లిన సంచులు అంటించినవి అంటించినట్టే ఊడిపోయాయి. మునెమ్మక్క సీసా పట్టుకుని కాచుక్కూర్చుంది. ముసలామె బిడ్డకు నీళ్లు పోసి, ఒళ్లు తుడిచి పొగ పడుతుంటే, "వెచ్చన తగిల్తే పోస్తాడు, సూడు" అంది. పోశాడు. ఇది ఏ ఎమ్మెస్సీలో చెబుతారు? ఏడుపొచ్చింది నాకు.

అదీ పాజిటివే. నేను ఎగిరి గంతేశాను. ఒక బిడ్డకు జబ్బుందని తేలితే గంతేశాను, అంత కుళ్లు నాది. "చూశారా అక్కా, నేను చెప్పిందే నిజం!"

"నిజమే పాపా. నీకు వచ్చింది నిజమే. అది నిజమని తెలిసింది మాత్రం ఈ పొద్దు" అని పెన్ను నా చేతికే ఇచ్చింది. సంతకం నాది. నెల తిరగకముందే మందులు మొదలుపెట్టగలిగాం అని డాక్టరు పొగిడింది నన్ను. మునెమ్మక్క పక్కనే ఉండి నవ్వింది. నేను నిజం చెప్పలేదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు చెవికి మిషను పెట్టుకుని బడికి పోతున్నాడు. వాళ్లమ్మ ఎప్పుడొచ్చినా, "ఆ యమ్మ యాడుండాది?" అంటుంది. నన్ను కాదు, ఆమెనే అడుగుతుంది. ఇప్పటికీ చురుక్కుమంటుంది.

ఈ ఉదయం వచ్చిన తల్లిని కూడా అడిగాను. "పాలు తాగి ఎంతసేపైందమ్మా?"

"ఇప్పుడే మేడం."

"అయితే గంటసేపు కూర్చోండి."

"ఎంత జాగర్తమ్మా మీకు!" అన్నాడు ఆమె భర్త. ఎప్పటిలాగే నవ్వి ఊరుకున్నాను. ఆ ప్రశ్న నాది కాదని ఇన్నేళ్లలో ఒక్కరికీ చెప్పలేదు. చెప్పడం ఇదే మొదలు.