సబ్బునీళ్ల కోడలు

ఇది రాసిపెట్టాలని నాకు అనిపించడానికి కారణం ఒక్కటే. నేను చదివిన పుస్తకాలలో ఎక్కడా గోళ్లు తీసే మనిషి లేదు. మా ఊరి గ్రంథాలయంలో రెండు బీరువాల తెలుగు పుస్తకాలు ఉండేవి. ఒక బీరువా పూర్తిగా, రెండోది మూడు అరల దాకా చదివాను. రాజుల యుద్ధాలు, ఋషుల శాపాలు, పశువులకొచ్చే జబ్బులు, తేనెటీగల పెంపకం, అన్నీ ఉన్నాయి. పెళ్లికూతురి వేలు పట్టుకుని నెత్తురు చుక్క రాకుండా గోరు తీయాలంటే ఎడమ చెయ్యి ఏం చేయాలో మాత్రం ఎవరూ రాయలేదు. ఆ పని చేసిన ఆడవాళ్లకు రాత రాదు. నాకు రాత వచ్చు. పని వచ్చిందో లేదో చదివి మీరే చెప్పండి.

మాది మంగలి కులం. పుట్టింది నెల్లిమర్ల, కాపురానికి వచ్చింది ఆమదాలవలస. నా భర్తకు స్టేషను దగ్గర ఒక అద్దం, ఒక కుర్చీ, రేకుల నీడ ఉండేవి. రైలు కోసం కాచుకునేవాళ్లు అక్కడ కూర్చుని పేపరు చదివేవారు. యుద్ధం రోజులు, అందరికీ వార్తలే కావాలి. ఆ పాత పేపర్లు ఇంటికి వస్తే, అక్షరం అక్షరం ఆయన్ని అడిగి చదువు నేర్చుకున్నాను. ఆ తరవాత గ్రంథాలయం. ఆడవాళ్లు లోపలికి వచ్చి కూర్చునే అలవాటు అప్పటికి లేదు. గ్రంథాలయం చూసే పంతులుగారు కిటికీలోంచి పుస్తకం ఇచ్చేవారు. అరుగు మీద కూర్చుని చదివి, మళ్లీ కిటికీలోంచే ఇచ్చేదాన్ని.

మా అత్త పని ఆడవాళ్ల గోళ్లు తీయడం, పాదాలకు పారాణి పెట్టడం. షావుకార్ల ఇళ్లు, రైతుల ఇళ్లు, పెళ్లి ఎక్కడున్నా పెళ్లికూతుర్ని చేయడం ఆమె గోరుకత్తి లేకుండా జరిగేది కాదు. వేలెడు పొడవు ఇనుప ముక్క అది, చివర ఉలిలా వెడల్పుగా ఉండేది. అత్తకు రెండు కళ్లలోనూ పువ్వు వేసి చూపు మసకబారింది. ఆ గోరుకత్తి నా చేతికి రావాలి. రాకపోతే ఆ ఇళ్లు వేరే ఊరి మంగలామెను పిలుచుకుంటాయి, తరాల నుంచి ఉన్న వాడుక పోతుంది. కానీ ఆ ఇళ్లవాళ్లు నా చెయ్యి చూస్తే చాలు, వేళ్లు ముడుచుకునేవారు. వణికేది మరి. ఎంత బిగబట్టినా వణికేది.

అత్త నా చేతికి గోరుకత్తి ఇచ్చి చింతపిక్కల పొట్టు గీకమని కూర్చోబెట్టింది. పిక్క మీద గోధుమరంగు పొట్టు మాత్రమే లేవాలి, లోపలి తెలుపు మీద గీత పడకూడదు. రోజూ దోసెడు పిక్కలు. అవి అయ్యాక నా భర్త కాళ్లు.

"మావా, కాలు ఇటియ్యి."

"నిన్ననే తీసినావు గదే. గోరు పెరగనిస్తావా, నేకపోతే వేలుక్కూడా ఎసరెడతావా?"

పిక్కలు బాగానే వచ్చేవి. మనిషి వేలు ముట్టుకుంటే మళ్లీ మొదటికి వచ్చేది. పిక్క కెవ్వుమనదు కదా.

అప్పుడు దొరికింది ఆ పుస్తకం. ఆడవాళ్ల ఆరోగ్యం గురించి ఎవరో రాసింది, అట్ట ఊడిపోయి ఉంది. అందులో గోళ్ల మీద ఏకంగా నాలుగు పేజీలు! కత్తిని మరిగే నీళ్లలో వేయాలి. వేళ్లను గోరువెచ్చని సబ్బునీళ్లలో కాసేపు నానబెట్టాలి, మెత్తని గుడ్డతో రుద్దాలి, నానిన గోరు తేలిగ్గా తెగుతుంది. కాలి గోరు మూలలు తవ్వకూడదు, తిన్నగా తీయాలి. ఆ పేజీలు నాకు కంఠస్థం అయ్యాయి. చేతికి రాని ధైర్యం కంఠం నుంచి వచ్చినట్టయింది. పరుగున వచ్చి అత్తకు చెప్పాను.

"నీళ్లేటే? సుక్క ఆవదం రాస్తే సాలదా?"

"గోరు నానాలంట అత్తా. పుస్తకంలో రాసినారు."

"రాసినోడికి గోళ్లున్నాయేటి? ఎవుర్తి తీసినాదో ఆడికి?"

నాకు ఒళ్లు మండింది. అక్షరం ముక్క రాని మనిషి అనుకున్నాను. ఆ అనుకోవడం దాచుకోవలసిన పని లేదు, ఇప్పుడు ఆమె లేదు.

ఊళ్లోకెల్లా పెద్ద ధాన్యం షావుకారు ఇంట్లో పెద్దమ్మాయి పెళ్లి కుదిరింది. షావుకారు తల్లిది ఆ ఇంట్లో పెత్తనం. భర్త పోయిన మనిషి కాబట్టి శుభకార్యాల్లో ఎదురు రాకుండా వెనకగదిలో కూర్చునేది. పెత్తనమంతా అక్కడి నుంచే, గొంతుతోనే చేసేది. అత్త చాలా బతిమాలగా ఆమె ఒప్పుకుంది: "సరే, నీ కోడలే తీస్తాది. నువ్వు పక్కన కూకో. సుక్క నెత్తురు కారిందంటే ఇద్దరూ మళ్లీ నా గుమ్మం ఎక్కొద్దు."

పెళ్లికూతుర్ని చేసే రోజుకు ముందురోజు మేము కోటబొమ్మాళిలో వేరే పెళ్లిలో చిక్కుకున్నాం. మామూలుగా అయితే అత్త ముందురోజే వెళ్లి గోళ్లు తీసేది. మేము రాలేదు కాబట్టి షావుకారు ఇంటి ఆడవాళ్లు కాచుకోకుండా రాత్రే గోరింటాకు రుబ్బి పెట్టేశారు. పొద్దున్న రైలు దిగి మేము వెళ్లేసరికి పెళ్లికూతురు అప్పుడే ఆకు రాల్చుకుని కూర్చుంది. వేళ్ల చివరలు, అరచేతులు లేత ఎరుపులో ఉన్నాయి.

గోరింటాకు సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. ఆకు రాల్చాక ఆ పూటంతా నీళ్లు తగలకుండా నూనె రాసుకుంటే రంగు ముదిరి పండుతుంది. పెళ్లికూతురి చెయ్యి ఎంత ఎర్రగా పండితే మొగుడికి అంత ప్రేమ అంటారు. నా పెళ్లికి నేనూ అలాగే చేతులు చాపుకుని కూర్చున్నదాన్ని. నాకు తెలియనిది కాదు. కానీ ఆ పొద్దున్న నా బుర్రలో పుస్తకం తప్ప ఇంకేమీ లేదు. కత్తి మరిగించాను. విస్తరాకు పరిచాను, గోటిముక్కలు నేలరాలకూడదు. ఇత్తడి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, సబ్బు కలిపి, పెళ్లికూతురి పది వేళ్లూ అందులో ముంచాను. గుడ్డతో రుద్దాను కూడా. నా చెయ్యి ఆ రోజు వణకలేదు. అదే నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం.

అత్తకు నీళ్ల చప్పుడు వినిపించింది. కాళ్లు కడుగుతున్నాననుకుంది.

నీళ్లు ఎర్రబడ్డాయి. చేతులు పైకి తీస్తే గుమ్మడిపువ్వు రంగు. పెళ్లికూతురి తల్లి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మో! గోరింట కడిగీసినాదే ఇది!"

వెనకగదిలోంచి గొంతు వచ్చింది. "ఏటే ఆ గోల? నెత్తురేటి?"

"నెత్తురైతే తుడుసుకుందుమత్తా. రంగు పోనాది!"

"ఆ నీళ్లు పారబొయ్యండి. ఆటితో పాటు దాన్ని కూడా బయటికి పంపండి."

నేను పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. అత్త నా వైపు తిరిగింది. చెయ్యి చాపింది. నేను గోరుకత్తి ఆమె చేతిలో పెట్టాను. అత్త పెళ్లికూతురి వేళ్లకు ఆముదం రాసి, నిప్పుల మీద లవంగాలు వేయించి, ఆ పొగ మీద చేతులు పట్టించింది. కొంత ఎరుపు వచ్చింది. కొంతే. తరవాత, చూపు సరిగా ఆనని ఆ కళ్లతోనే, పది గోళ్లూ తీసింది.

అప్పుడు చూశాను నేను. గుమ్మం బయట నిలబడి చూశాను. ఆమె ఎడమ బొటనవేలు పెళ్లికూతురి వేలి కొసను కింది నుంచి నొక్కి వెనక్కి లాగుతోంది. కండ గోరు నుంచి విడివడి కిందికి జారుతోంది. ఆ సందులోకే కత్తి పోతోంది. కుడిచెయ్యి చేసేదేమీ లేదు, వెళ్లి రావడమే. ఇన్నాళ్లూ నేను ఆమె కుడిచెయ్యినే చూశాను. పుస్తకంలోనూ కుడిచేతి సంగతే ఉంది.

ఇంటికి వస్తూ అడిగాను, ఈ బొటనవేలి సంగతి నాకెందుకు చెప్పలేదని.

"ఏటి సెప్పాల? నాను సేస్తన్నానని నాకే తెల్దు."

ఆ జవాబు విని ఏడుపొచ్చింది. జాలితో కాదు, విసుగుతో.

ఆ తరవాత ఒక్క ఇల్లూ నన్ను పిలవలేదు. సంతలో కూరలామె కూడా "సబ్బునీళ్ల కోడలా, వంకాయలు కావాలేటి?" అనేది. గ్రంథాలయం కిటికీ దగ్గరకు వెళ్లి పంతులుగారిని నిలదీశాను. "మీ పుస్తకం నా కొంప ముంచింది."

ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ నాలుగు పేజీలూ చదివారు. "ఇందులో గోరింటాకు మాట ఉందా?"

"లేదండి."

"రాసినాయనకి గోరింట అలవాటు లేదు కాబోలు. నీకు ఉంది కదమ్మా. అది నువ్వు కలుపుకోవాలి."

ఎంత తేలిగ్గా అన్నారో! ఆయన గోళ్లు కొరుక్కునే మనిషి, పైగా. కానీ ఆ మాట మీద కోపంతోనే నాకు నిద్ర పట్టేది కాదు. మళ్లీ నా భర్త కాళ్ల మీద పడ్డాను, ఈసారి కళ్లు మూసుకుని, ఎడమ బొటనవేలితో. "కళ్లు తెరిసి తీస్తేనే బతుకు నేదు, ఇప్పుడు మూసుకునేటి?" అని ఆయన గొణిగేవాడు. కాలు మాత్రం లాక్కోలేదు.

వానలు వెనకబట్టాక షావుకారు ఇంటి నుంచి కబురు. వెనకగది పెద్దామెకు కాలి బొటనవేలి గోరు కండలోకి దిగి వాచిపోయింది. అత్తకు కళ్లు పూర్తిగా పోయాయి. ఎవరూ లేక నన్ను పిలిచారు. వెళ్లాను. ఈసారి జాగ్రత్తగా ముందే అడిగాను.

"అమ్మా, పాదాలకి పారాణి గానీ, గోరింట గానీ పెట్టుకుంటారా?"

"మొగుడు పోయి ఇన్నేళ్లయినాది, నాకు పారాణేటే, ఎర్రిమొగమా! బుర్ర కూడా సబ్బుతో కడుక్కున్నావేటి?"

సిగ్గుతో తల దించుకుని, ఉప్పు వేసిన వేడినీళ్లలో ఆ పాదం పెట్టించాను. ఇక్కడ నానబెట్టడమే సరి, పుస్తకం సరి. మూల తవ్వలేదు. వాచిన కండను బొటనవేలితో కిందికి నొక్కి, గోరు తిన్నగా తీసి, మూల కింద దూది పోగు పెట్టాను. నాలుగు రోజులు అదే పని. నాలుగు రోజులూ తిట్లే: "మెల్లిగా!", "అది వేలు, బెండకాయ కాదు", "మీ అత్తయితే ఈపాటికి తీసీసి ఎల్లిపోయీది". ఎక్కడా నెత్తురు రాలేదు. ఐదో రోజు ఆమె లేచి పెరటి దాకా నడిచి వచ్చింది. బాగా చేశావన్న మాట వస్తుందేమోనని నిలబడ్డాను. రాలేదు.

"మాఘంలో సిన్నదానికి పెళ్లి," అంది. "ముందురోజే రా. గోరింట రుబ్బకముందు. మీ అత్తని కూడా తీసుకురా."

వెళ్లాం. పది గోళ్లూ నేనే తీశాను. అత్త పక్కన కూర్చుని, నేను తీసిన ఒక్కొక్క గోటినీ తన వేలితో తడిమి చూసింది. ఎనిమిదో గోటి దగ్గర ఆగింది. "ఇక్కడ గరుకున్నాది." నిజంగానే ఉంది. సరిచేశాను. అత్త ఆ గోరుకత్తిని మళ్లీ తన మొలలో దోపుకోలేదు, నా చేతిలోనే ఉంచేసింది.

ఇక చెప్పుకోవలసిన కృతజ్ఞతలు. పేర్లు రాయను, అందులో చాలామందికి పుస్తకంలో ఎక్కడం ఇష్టం ఉండదు. తనకు తెలుసని తెలియని విద్య నేర్పిన మా అత్తకు. కాలు వెనక్కి లాక్కోకుండా ఓర్చుకున్న నా భర్తకు. కిటికీలోంచి పుస్తకాలిచ్చి, చివరికి లోపల బల్ల మీదే కూర్చోమన్న పంతులుగారికి. మెచ్చుకోకుండా పని ఇచ్చిన వెనకగది పెద్దామెకు. అందరికన్నా ముఖ్యంగా, నేను రంగు కడిగేసిన ఆ పెళ్లికూతురికి. పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు ఆమె నన్నే పిలిపించింది. రెండు చేతులూ చాపి, నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"ఈపాలి సబ్బు తెచ్చినావేటి?"

తేలేదు. ఆముదం తెచ్చాను.