వెనక్కి పరుగెత్తిన జీపు

లార్యో మా ఎదురింటి మనిషి. అరవై దాటిన క్యాబేజీ రైతు. బుగియాస్ కొండల్లో అందరిలాగే అతనికీ ఏటవాలు పొలం, మోకాళ్ళ నొప్పులు, ఒక పాత జీపు ఉండేవి. యుద్ధం అయ్యాక సైన్యం వదిలేసిన సామాను అమ్ముతుంటే వాళ్ళ నాన్న కొన్న జీపు అది. రేకులు అతుకుల మీద అతుకులు పడ్డాయి గానీ ఇంజన్ మాత్రం మొదటిదే. దాన్ని మార్చమంటే లార్యోకు ఒళ్ళు మండేది.

"గుండె తీసేసి ఇంకోడిది పెడితే అది మా నాన్న జీపు ఎట్లా అవుతుంది?" అనేవాడు.

"నీ పళ్ళన్నీ కట్టుడువే కదా లకాయ్. నువ్వు వేరేవాడివి అయిపోయావా?" అనేది అతని భార్య కొన్సింగ్. మా వైపు ముసలి మొగుణ్ణి లకాయ్ అనే పిలుస్తారు, ముద్దుకైనా కోపానికైనా.

ఆ వానాకాలం నిండు బరువుతో ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్ పగిలి నూనె రోడ్డంతా పారింది. కూరగాయల లారీకి కట్టి జీపును ఇంటికి లాక్కొచ్చాం. లార్యో రెండు పూటలు అన్నం ముట్టలేదు. తర్వాత తనే మేనకోడలు జోవిటాకు కబురు పెట్టాడు.

జోవిటాకు బాగియో పట్నంలో మెకానిక్ షెడ్డు ఉంది. ఒక జపాన్ వ్యాన్‌లోంచి తీసిన డీజిల్ ఇంజన్‌నూ, గేరుపెట్టెనూ, వెనక ఇరుసునూ లారీలో వేసుకొచ్చింది. ఇంజన్ కూర్చుంది గానీ బానెట్ మూతపడలేదు. పైన చతురస్రంగా కోసి, బిస్కెట్ల డబ్బా రేకుతో గూడు కట్టింది. లార్యో అటూ ఇటూ తచ్చాడి చివరికి తెగించాడు.

"ఇరుసు పని నాకొదిలెయ్. మా నాన్న బండిలో నా చెయ్యి పడకపోతే ఎట్లా?"

"సరే అంకుల్. ఏ వైపు పైకి రావాలో సుద్దతో గీశాను. అది చూసి వెల్డింగ్ చెయ్యి," అని ఆమె ముందు భాగం పనిలో పడింది.

లార్యో శుభ్రం మనిషి. వెల్డింగ్‌కు ముందు ఇరుసును డీజిల్‌తో తళతళలాడేలా తోమాడు. సుద్ద గీత కూడా పోయింది. అడిగితే చిన్నతనమని అడగలేదు.

ప్రారంభం రోజున కోడిని కోశారు. ఊరి పెద్దాయన ప్రార్థన చెప్పాడు. లార్యో తాళం తిప్పాడు. ఇంజన్ ఎంత మెత్తగా ఆడుతోందంటే, ఆడుతోందని తెలియక మళ్ళీ తిప్పాడు. అది కర్రుమంది. మేమంతా పళ్ళు బిగబట్టాం. అప్పుడు ఒకటో గేరు వేసి హుందాగా క్లచ్ మీంచి కాలు తీశాడు. జీపు వెనక్కి దూసుకెళ్ళి, కంచె దాటి, బంగాళదుంప మొక్కల్లో ఆగింది.

లార్యో తలుపు మీద మోచెయ్యి ఆనించాడు.

"వెనక్కే పోదామనుకున్నాలే," అన్నాడు.

జోవిటా కిందికి దూరి చూసింది. బయటికి వచ్చి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇరుసు తలకిందులుగా పెట్టావు అంకుల్. ఇప్పుడు నీకు వెనక్కి అయిదు గేర్లు, ముందుకు ఒకటి. విప్పి తిప్పేద్దాం."

"అక్కర్లేదు. నాకు ఇట్లాగే కావాలి."

మొండితనంతో అన్న మాటే గానీ, అది అతనికి కలిసొచ్చింది. మా పొలాల దారి ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. పైన బండి తిప్పుకునే చోటు లేదు. అందుకని అందరం వెనక గేరులో పాక్కుంటూ ఎక్కుతాం. లార్యో మాత్రం మూడో గేరులో రయ్యిమని వెనక్కి ఎక్కేసేవాడు. బరువుతో దిగేటప్పుడు ఆ ఒక్క ముందు గేరు బండిని బ్రేకు కంటే గట్టిగా పట్టి ఆపేది. నవ్వినవాళ్ళే మా క్యాబేజీ కూడా దించవా మనోంగ్ అని, పెద్దన్నను పిలిచినట్టు పిలుస్తూ, అతని గుమ్మం ముందు నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ఆ కోతల కాలమంతా అతని మీసం కిందికి దిగలేదు.

దెబ్బ మెడకు తగిలింది. పొద్దస్తమానం వెనక్కి చూసి నడిపేసరికి మెడ కుడి వైపుకు తిరిగి అక్కడే బిగుసుకుపోయింది. ఆదివారం చర్చిలో, పూజ మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా, పక్క వరుసలో కూర్చున్న టీచరమ్మ మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ రెండుసార్లు చోటు మారింది. రెండోసారి మరీ ఎదురుగా పడింది.

ఇంటికొచ్చి కొన్సింగ్ అతని మెడకు తైలం రాసింది, అవసరమైన దానికంటే గట్టిగా.

"ఆ ఇరుసు తిప్పిస్తావా, నీ తల నన్ను తిప్పమంటావా?"

"ఊళ్ళో వాళ్ళ పంట దించాలి కదే."

"వాళ్ళ పంట దిగింది. మా చెల్లి ఊరికి నన్నెప్పుడు తీసుకెళ్తావు? అంత దూరం వీపు చూపించుకుంటూ రాలేను."

జోవిటా మళ్ళీ వచ్చింది. ఈసారి లార్యో స్పానర్లు అందిస్తూ పక్కన కూర్చున్నాడు. ఇరుసు సరైన వైపుకు తిరిగింది. బండి ముందుకు కదలగానే అతను ఒక్క క్షణం కంగారుపడి బ్రేకు తొక్కాడు.

మర్నాడే భార్యతో ప్రయాణమయ్యాడు. తిరిగొచ్చాక ఎట్లా ఉందని అడిగాను.

"ఏముంది, మొదటి మలుపు దగ్గరే నిద్రపోయింది. పాత ఇంజన్‌తో ఒక్కసారి కూడా కన్నుమూయలేదు, దారంతా నాతో పోట్లాడేది," అన్నాడు. ఆ మాటలో ఫిర్యాదే ఎక్కువ వినిపించింది నాకు.

"మరి లేపలేకపోయావా?"

"పడుకోనీలే అనుకుని మెల్లగా పోనిచ్చా. చెల్లెలి ఇల్లు దాటి చాలా దూరం పోయాం."