ఒకరు లేస్తే ఇద్దరి పని ఆగుతుందని

పోయిన నెల ఒక శనివారం బీచుపల్లి ఆంజనేయస్వామి దర్శనానికి వెళ్లిన మా పెద్దనాయన, గుడి దగ్గరే గుండె పట్టుకుని కూలబడ్డాడు. "దవాఖానకు తీస్కపోయేలోపే పానం పోయింది బిడ్డా" అని పెద్దమ్మ ఫోన్లో ఏడ్చింది. అప్పుడు నేను గద్వాలలో, పెద్దనాయనా నేనూ కలిసి నేసే మగ్గం దగ్గరే ఉన్నాను. ఆయన లేని రోజు కదా అని తెగిన పోగులు ముడేసుకుంటున్నాను.

మా చీరకు పట్టు అంచును నడిమి నూలు భాగంతో కలిపి నేయాలంటే గుంట మగ్గంలో ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నాకు పని నేర్పింది ఆయనే. పోగు తెగితే తిట్టేవాడు కాదు. "పట్టు పోగును గద్దిస్తే తెగుతది, బుజ్జగిస్తే మాటింటది" అనేవాడు. నన్నూ అలాగే బుజ్జగించి నేతగాణ్ని చేశాడు.

ఒకరు లేస్తే ఇద్దరి పనీ ఆగుతుంది. అందుకే మధ్యలో లేవడమంటే మాకు మొహమాటం. చాయ్, మిర్చి బజ్జీలు గుంట దగ్గరికే వచ్చేవి. బజ్జీని కాగితానికి అద్ది, "చూడు, నూనంత కాయిదమే తిన్నది, మనకేం మిగల్లే" అని నవ్వించేవాడు. ఆ వెనక బీడీ. ఆదివారమైతే తలకాయ కూర. ఎంత తిన్నా మనిషి మాత్రం చువ్వలాగే ఉండేవాడు.

ఆమధ్య మా వాడలో రక్తపరీక్షలు చేసి, ఇద్దరికీ రక్తంలో కొవ్వు ఎక్కువుందన్నారు. గోలీలిచ్చి, రోజూ నడవమన్నారు. పెద్దనాయన డాక్టరమ్మను చూసి నవ్వాడు.

"నా ఒంటి మీద పిడికెడు మాంసం లేదు, కొవ్వు యాడికెల్లి వచ్చె తల్లీ? పొద్దుందాక మగ్గం తొక్కుతనే ఉన్న, ఇంక నడుసుడేంది?"

"సన్నగున్నోళ్లకు గూడ ఉంటది పెద్దాయనా. కూసోని కాళ్లాడిస్తే చాలదు, లేచి నడవాలె. నూనెల కాల్చినవి తగ్గియ్యి, బీడీ మాను, గోలీలు ఆపకు" అందామె.

కొన్నాళ్లు మింగాడు. తర్వాత "నొప్పే లేనిదానికి మందేంది?" అన్నాడు. ఇద్దరం ఆపేశాం.

ఇప్పుడు నాకు భయంగా ఉంది. దాచుకోవడం దేనికి? అదే ఒళ్లు, అదే తిండి, అదే గుంట. ఎడమ చెయ్యి కాస్త గుంజినా ఇదేనేమో అనిపిస్తుంది. గోలీలు మళ్లీ మొదలుపెట్టాను. బజ్జీల బండి ముందు నుంచి పోతే నోరూరుతుంది, ఆ వెంటనే గుండె గుబేలుమంటుంది. ఆయన గుర్తొచ్చినప్పుడు ఏడుపు ముందొస్తుందో భయం ముందొస్తుందో చెప్పలేను.

ఆయన సగంలో వదిలిన చీరను ముగించడానికి, కర్మ అయ్యాక మా ఆవిడ ఆయన చోట కూర్చుంది. కొంచెం నేశాక, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను నేను ఆపాను.

"ఏందయ్యా, పోగు తెగిందా?"

"లేదు. లే, గల్లీ చివరిదాక నడిచొద్దాం."

"మరి చీర?"

"ఉంటది తియ్యి."

ఇద్దరం గుంటలోంచి పైకొచ్చాం. గడప దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. కూర్చునే పలక మీద, పెద్దనాయన వైపు, ఏళ్లుగా కూర్చుని కూర్చుని కర్ర అరిగి నున్నటి పల్లం పడింది. దాని పక్కనే నాది. అదీ అంతే లోతు.