మోచెయ్యి చూసి పాసైన మా బావ

మా బావంటే ఫ్యాక్టరీలో అందరికీ భయమూ, గౌరవమూ. ఆ రెండూ లేనిది నాకొక్కడికే, ఎందుకంటే నేను అతని బావమరిదిని. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మను పట్టకారుతో పట్టుకుని యంత్రపు సుత్తి కింద పెడితే, ఆ సుత్తి దాన్ని నాలుగు దెబ్బల్లో ఇరుసుగానో కొక్కెంగానో మార్చేస్తుంది. ఆ సుత్తిని నడిపేది మా బావ. అందుకే అందరూ అతన్ని సమ్మెట అంటారు. దెబ్బ పడ్డప్పుడల్లా పక్క షెడ్డులో పెట్టెలు సర్దుకునే నాకు అరికాళ్ళు జిల్లుమంటాయి. పడుచుతనం నుంచీ దాని ముందే నిలబడ్డ మనిషి చెవులు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా?

చెప్పక్కర్లేదు గానీ, మా బావ ఒప్పుకోడు. "నావి పాము చెవులురా" అంటాడు. సుత్తి దగ్గర పనిచేసేవాళ్ళు పెదవులు చూసి మాట పట్టుకుంటారు. అందులో మా బావది అందెవేసిన చెయ్యి. షెడ్డు ఆ చివర ఎవడైనా తనను తిట్టుకుంటే ఈ చివర నుంచి జవాబు చెప్తాడు. ఇంట్లో మాత్రం మా అక్క పొయ్యి వైపు తిరిగి ఏదన్నా అడిగితే పలకడు. వచ్చి భుజం తట్టాలి, లేదా లైటు ఆర్పి మళ్ళీ వెయ్యాలి. లైటు ఆర్పితే "కరెంటు పోయిందే" అంటాడు మహానుభావుడు.

సుత్తి షెడ్డు వాళ్ళకు ఏటా చెవుల పరీక్ష ఉంటుంది. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇస్తారు. శబ్దం వినిపించినప్పుడల్లా అది నొక్కాలి. కిటికీకి అవతల నర్సు కూర్చుని యంత్రం మీద మీట నొక్కుతూ ఉంటుంది. అప్పుడు ఆమె మోచెయ్యి కాస్త కదులుతుంది. సుత్తి షెడ్డు వాళ్ళకు అంతకంటే ఏం కావాలి? మోచెయ్యి కదిలితే బటన్ నొక్కడమే అక్కడ పాతవాళ్ళు కొత్తవాళ్ళకు నేర్పే మొదటి విద్య. "అన్నీ నొక్కకండ్రా, అనుమానమొస్తుంది. అక్కడక్కడా వదిలెయ్యండి" అని మా బావే పాఠం చెప్పేవాడు. పరీక్ష తప్పినవాణ్ణి సుత్తి దగ్గర్నుంచి తీసేసి, యార్డులో తుక్కు ఏరుకోమంటారు. దానికంటే చెవుడే నయమని వాళ్ళ లెక్క.

ఈ మధ్య మా బావ రిటైరయ్యే రోజు దగ్గరపడింది. ప్రమాదకరమైన షెడ్డుల్లో పనిచేసినవాళ్ళకు వెళ్ళిపోయే ముందు చివరి పరీక్ష ఒకటి ఉంటుంది. పనివల్ల నష్టం జరిగిందని అందులో తేలితే వైద్యమూ, వినికిడి మిషనూ బతికున్నంతకాలం కంపెనీయే చూసుకోవాలి. తేలకపోతే గేటు దాటాక అడిగే దిక్కు ఉండదు. ఈ పరీక్ష కోసం మా అక్క కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది. మిషను పెట్టుకుంటే మనిషి మళ్ళీ మాటల్లో పడతాడని ఆమె ఆశ.

బావ లోపలికి వెళ్ళాడు. నేనూ అక్కా బయట బెంచీ మీద కూర్చున్నాం. కాసేపటికి ముఖం చేటంత చేసుకుని వచ్చాడు.

"పాసైపోయాను" అన్నాడు.

అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బావా, ఇది పాసవ్వాల్సిన పరీక్ష కాదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా?"

"తెలుసురా. ఆ అమ్మాయి మోచెయ్యి కదిలింది, నా వేలు దానంతటదే నొక్కేసింది. ఇన్నేళ్ళ అలవాటు ఒక్కరోజులో పోతుందా?" అని, కాస్త ఆగి, "అయినా పనికిరాని చెవులవాణ్ణని రాయించుకుని గేటు దాటమంటావా నన్ను?" అన్నాడు.

అదీ సంగతి. వేలు చేసిన తప్పు సగమే, మిగతా సగం మనసుది.

అక్క అతని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "ఏవండీ, ఇన్నేళ్ళూ నేను మాట్లాడిన మాటల్లో సగం గోడలకే చెప్పుకున్నాను. వచ్చే నెల నుంచి మీరు రోజంతా ఇంట్లోనే ఉంటారు. అప్పుడూ గోడలతోనే మాట్లాడమంటారా?" అంది. గొంతు పెంచలేదు. పెంచి లాభం లేదని ఆమెకు ఎప్పుడో తెలుసు.

మా బావ మెత్తబడ్డాడు. "మళ్ళీ చెయ్యమంటే ఎందుకని అడుగుతారు. మోచెయ్యి సంగతి చెప్పాలి. చెప్తే షెడ్డులో వాళ్ళందరి నోట్లో మట్టి కొట్టినట్టేనే."

"వాళ్ళ పెళ్ళాలు మిమ్మల్నేం తిట్టరులెండి. వాళ్ళూ గోడలతోనే మాట్లాడుతున్నారు."

మా బావ వెనక్కి తిరిగాడు. ముగ్గురం నర్సు దగ్గరికి వెళ్ళాం. మళ్ళీ పరీక్ష చెయ్యమంటే ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. "మీ వినికిడి బాగానే ఉందండీ. మళ్ళీ ఎందుకు?"

మా బావ నసిగాడు, నీళ్ళు నమిలాడు. చివరికి, "ఆ కుర్చీ అటు తిప్పి వెయ్యమ్మా" అన్నాడు.

"ఎందుకండీ?"

"నీ మోచెయ్యి కనిపిస్తోంది."

ఆమె తన మోచెయ్యి వంక చూసుకుంది. తర్వాత కిటికీ వంక, ఖాళీ కుర్చీ వంక చూసింది. పల్లెత్తు మాట అనకుండా లేచి వెళ్ళి కుర్చీని గోడవైపు తిప్పింది. ఆ పిల్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఈసారి మమ్మల్ని తన పక్కన నిలబడనిచ్చింది. కిటికీలోంచి మా బావ వీపు కనిపిస్తోంది. అతను బటన్ నొక్కితే యంత్రం మీద పచ్చ దీపం వెలుగుతుంది. ముందు లావు శబ్దాలు పెడుతున్నానంది. దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. తర్వాత ఈల లాంటి సన్న శబ్దాలకు మారింది. మీట నొక్కింది. దీపం వెలగలేదు. శబ్దం పెంచి నొక్కింది. ఇంకా పెంచి నొక్కింది. మా బావ బుద్ధిగా, నిటారుగా కూర్చుని ఎదురుచూస్తున్నాడు. చివరికి ఆమె మీట మీంచి చెయ్యి తీసేసింది.

అతను తప్పాలనే కదా మేం వచ్చింది. అయినా ఆ దీపం ఒక్కసారి వెలిగితే బాగుండనిపించింది.

నర్సు తలుపు తీసి అతని ముందుకు వెళ్ళింది. మేమూ వెనకే వెళ్ళాం. మా బావ హెడ్‌ఫోన్లు తీసి, "మధ్యలో ఆపేశావేంటమ్మా?" అని అడిగాడు.

"ఆపలేదండీ. అయిపోయింది."

అతను ఆమె పెదవులనే చూస్తూ ఉండిపోయాడు. చెవుడుందని అతనికి తెలుసు. ఎంత ఉందో ఇప్పుడే తెలిసింది.

"లావు శబ్దాలు కాస్త వినిపిస్తున్నాయి. సన్నవి వినిపించట్లేదు" అందామె. "మిషనుకు రాస్తాను. కొంత తెలుస్తుంది, అన్నీ తెలియవు."

మా బావ బటన్‌ను వేళ్ళ మధ్య తిప్పాడు.

"మా ఆవిడ గొంతు లావుదా అమ్మా, సన్నదా?" అన్నాడు. "నాకు గుర్తు రావట్లేదు."

నర్సు ఏం చెప్పాలో తెలియక మా వంక చూసింది. అక్క అతని వెనకే నిలబడి ఉంది.

"సన్నదేనండీ" అంది.

అతను ఇంకా జవాబు కోసం నర్సు పెదవుల వంకే చూస్తున్నాడు.