పద్నాలుగు పాత్రల నివేదిక

2011 వేసవి నుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అందులో తప్పుడు అంకె ఒక్కటీ లేదు. అందుకే ఇన్నేళ్లూ ఎవరూ పట్టుకోలేదు. మీకు చెబుతున్నాను. చివరిదాకా వినండి.

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గణాంకాలు రాసి, రిటైరై, జనగామలో ఉంటున్న రోజులవి. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. భూపాలపల్లి బొగ్గు దొంగల మీద ఒక నేరకథా చిత్రం తీయడానికి సినిమావాళ్లు మా ఊరికి వచ్చారు. మన తెలంగాణ యాసను వెక్కిరిస్తే షూటింగు సాగనివ్వబోమని స్థానిక ఉద్యమ కమిటీ చెప్పింది. కథ చదివి నివేదిక ఇచ్చే పని నాకు అప్పగించింది. నేను లెక్క తప్పనని వారి నమ్మకం.

మన యాస మాట్లాడే పాత్రలు పద్నాలుగు. అందులో పదమూడు దొంగలవి, హంతకులవి, వారి తొత్తులవి. ఒక్కటే ఎస్సై పాత్ర. దానికి మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి ఒక లంబాడీ యువతిని తీసుకున్నారు. ఉద్యమ సభల్లో పాటలు పాడే మనిషి. కెమెరా ముందుకు రావడం అదే మొదలు. ఆ ఒక్క పాత్రను చూసే నేను ముందు నోటిమాటగా సరేనన్నాను; నివేదిక ఇంకా రాసివ్వలేదు.

షూటింగు మొదలైన నాలుగో రోజు ఎస్సై పాత్ర ఒక పట్నం నటికి వెళ్లింది. ఆ పాత్ర మాటలు కూడా యాస వదిలి పుస్తక భాషలోకి మారాయి. ఈమె కోసం గుడుంబా సారా అమ్మే ఆడదాని వేషం ఒకటి కొత్తగా చేర్చారు. ఆ మధ్యాహ్నమే ఆమె మా ఇంటికి వచ్చింది.

“సారు, పొద్దటిదాంక నేను ఎస్సైని. ఇప్పుడు గుడుంబా అమ్మెటిదాన్నయిన. గిదేంది సారు?”

“పాత్రలైతే తగ్గలేదమ్మా. పద్నాలుగుండె, పద్నాలుగే ఉన్నయి.”

“లెక్క మంచిగనే ఉంది. బేడీలు ఏసెటోళ్లెందరు, ఏయించుకునెటోళ్లెందరు? అది గూడ రాయుండ్రి.” కొంచెం నవ్వింది. “మీ అమ్మ పోలీసయితదని నా బిడ్డకు జెప్పిన సారు. మీరొక్క మాటంటే కమిటీ ఆపుతది.”

“చూస్తనమ్మా,” అన్నాను.

ఏం చూశాను? ఆమె రావడానికి రెండు గంటల ముందే చిత్రం మేనేజరు వచ్చి, పాత్ర మారిన సంగతి చెప్పి, తెర మీద వేసే పేర్ల జాబితా చూపించి వెళ్లాడు. ‘భాషా సలహాదారు’ అన్న మాటకు ఎదురుగా నా పేరు. ఉద్యోగంలో వేల పట్టికలు రాశాను. ఒక్కదాని కిందా నా పేరు అచ్చు కాలేదు. అదేనా కారణం? అంతకంటే గౌరవమైనది దొరుకుతుందేమోనని చాలా ఏళ్లు వెతికాను. దొరకలేదు.

నివేదికలో మూడు వాక్యాలు రాశాను. యాస మాట్లాడే పాత్రలు పద్నాలుగు. సంఖ్య తగ్గించలేదు. అభ్యంతరం లేదు. ఆ పద్నాలుగులో చట్టం వైపు ఇప్పుడు ఒక్కరూ లేరని రాయలేదు. కమిటీ నా సంతకం చూసి ఊరుకుంది.

సినిమా విడుదలయ్యాక, నా పేరు చూసుకోవాలన్న ఆశను జనగామలో ఎవరైనా గమనిస్తారేమోనని, మహబూబాబాద్ థియేటరుకు వెళ్లాను. రెండు వరుసల ముందు ఆమె, ఆమె కూతురు. తెర మీద పట్నం ఎస్సై ఆమెను జుట్టు పట్టి ఈడ్చింది. ఆమె మన యాసలో వేడుకుంటుంటే హాలంతా నవ్వింది. నవ్వింది మనవాళ్లే. ఆ పాప తెరను కాదు, తల్లిని చూస్తోంది. ఇద్దరూ లేచి నా పక్కనుంచే వెళ్లారు. నేను వంగి చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటించాను.

రాష్ట్రం వచ్చింది. ఉద్యమకారుడని నాకు శాలువా కప్పారు. ఆమె మళ్లీ ఏ సభలోనూ పాడలేదని తండావాళ్లు చెప్పారు. ఎక్కడుందో వారికీ తెలియదు. తెలిసినా, వెళ్లి ఏమని అడగను?

తెలిసే చేశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇంతకాలం పట్టింది. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ తేలిక నాకే. ఆమెకు అందులో ఏమీ లేదు.