ఉండమన్నవాళ్లు

పెద్దమ్మ పోయిందని అన్నయ్య ఫోన్ చేసేసరికి నేను కలిదిండిలో, రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిలో ఉన్నాను. గుండెపోటు. ఏలూరులో తాను వయసంతా నర్సుగా పనిచేసిన ఆసుపత్రికే తీసుకెళ్లారట. అక్కడ ఆమెను గుర్తుపట్టినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆమె మా అమ్మకు అక్క. పెళ్లి చేసుకోలేదు. డ్యూటీ నుంచి రాగానే మర్నాటి తెల్లచీర ఇస్త్రీ చేసి పెట్టుకున్నాకే టీ తాగేది. మాకు జ్వరమొస్తే థర్మామీటరు కన్నా ముందు తన చెంప మా నుదుటికి ఆనించేది. "తగ్గే జ్వరమేలే ఇది" అనేది. ఆ మాటతోనే మాకు సగం తగ్గేది.

ఒకప్పుడు రాజమండ్రిలో కొత్త ఆసుపత్రివాళ్లు ఆమెను హెడ్ నర్సుగా రమ్మన్నారు. బట్టలు కూడా సర్దుకుంది. ఆ సాయంత్రం ఏలూరు ఆసుపత్రి యజమాని డాక్టరుగారు స్వయంగా ఇంటికి వచ్చారు. "మీరు వెళ్లిపోతే ఎలా సిస్టర్? ఈ ఆసుపత్రి మీది కాదాండీ?" అన్నారు. పెద్దమ్మ ఆగిపోయింది. కొన్నేళ్లకు ఆయన ఆసుపత్రి అమ్మేసి విశాఖ వెళ్లిపోయారు. అమ్ముతున్న సంగతి ఆమెకు వార్డుబాయ్ చెప్పాడు. కొత్తవాళ్లు ఆమెను మందుల గదిలో కూర్చోబెట్టారు. తర్వాత ఇక రానక్కర్లేదన్నారు.

పోయే ముందు వారం, వట్లూరులో మా వీధిలోనే ఉన్న ఆమె ఇంటికి వెళ్లాను. నాకు తాడేపల్లిగూడెంలో రొయ్యల మేత కంపెనీ నుంచి పిలుపు వచ్చింది.

"మా ఓనరుగారు వదలనంటున్నారు పెద్దమ్మా. ఇంటి మనిషివంటున్నారు."

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఆమె తలెత్తలేదు. "నన్నూ ఉండమన్నారమ్మా. తాము ఉంటామని మాత్రం ఎవరూ అనలేదు."

"అయితే వెళ్లిపోమంటావా?"

"నేనేమీ అనను. ఆయన్నే అడిగి చూడు."

అడిగేలోపే ఆమె పోయింది. సమాధుల తోటకు డాక్టరుగారు రాలేదు. ఫోన్ చేసి, "ఆవిడ మా ఇంటి మనిషండీ" అన్నారు. అన్నయ్య ఫోన్ కట్ చేశాడు.

నేను మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు మా ఓనరుగారు పరామర్శించారు. "మీ పెద్దమ్మగారిలా నమ్మకంగా ఉండేవాళ్లు ఇప్పుడెక్కడున్నారమ్మా? నువ్వూ ఉండిపో" అన్నారు.

"ల్యాబ్ మీరే నడుపుతారాండీ?" అని అడిగాను.

ఆయన కాసేపు ఫోన్ చూసుకున్నారు. "లీజుకి అడుగుతున్నారమ్మా. ఇంకా ఏమీ అనుకోలేదు."

ఆ సాయంత్రమే కొత్త కంపెనీకి వస్తానని చెప్పేశాను. సంతోషమేమీ కలగలేదు. ఆ మాట ముందుగా చెప్పుకోవలసిన మనిషి లేదు.

మా వీధి మొదట్లో పెద్దమ్మ ఫ్లెక్సీ ఇంకా ఉంది. విడిగా తీయించుకున్న ఫొటో ఒక్కటీ దొరక్క, ఆసుపత్రిలో సన్మానం చేసిన నాటి ఫొటో కత్తిరించి వేయించారు. డాక్టరుగారిని తీసేశారు కానీ ఆయన చెయ్యి పూర్తిగా పోలేదు. రోజూ పొద్దున్న తాడేపల్లిగూడెం రైలు కోసం స్టేషనుకి వెళ్తూ చూస్తాను. పెద్దమ్మ నవ్వుతూ ఉంటుంది. భుజం మీద శాలువా, దాన్ని కప్పుతూ మణికట్టు దగ్గర తెగిపోయిన ఆ చెయ్యి.